మాయ పంపే మాయలేడి



భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే రోడ్డు ఎటపాక దగ్గర కాసేపు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి, మళ్ళీ తెలంగాణలోకి వస్తుంది. అలా దాదాపు 35 కిలోమీటర్లు పోతే గోదావరి ఒడ్డున పర్ణశాల. దుమ్ముగూడెం మండలంలోని ఈ ఊరికి వచ్చిన యాత్రికులు సీతవాగు చూస్తారు. సీతమ్మ నారచీరలు ఆరేసిందని చెప్పే బండలు, పసుపు కుంకుమ రాళ్ళు చూస్తారు. ఆ తర్వాత బంగారులేడి కథ వింటారు. మారీచుడు లేడి రూపంలో వచ్చాడు, సీతమ్మ ముచ్చటపడింది, రాముడు వెంటపడ్డాడు. బాణం తగిలి కూలిపోతూ ఆ మాయావి అచ్చం రాముడి గొంతుతోనే కేక పెట్టాడు. ఆ గొంతు విని లక్ష్మణుడు కూడా కుటీరం విడిచి వెళ్ళాడు. కాపలా లేని వాకిట్లోకి రావణుడు వచ్చాడు.

ఈ కథ ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. ఇంకో మాయ సంగతి ఇక్కడి ఆడవాళ్ళందరికీ తెలుసు. కాన్పు అయిందని కబురు రాగానే ఇంటి పెద్దావిడ ముందు బిడ్డ గురించి అడుగుతుంది, వెంటనే "మాయ పడిందా?" అని అడుగుతుంది. కడుపులో బిడ్డకు తల్లి రక్తం నుంచి తిండీ గాలీ అందించే ఆ అవయవానికి తెలుగువాళ్ళు పెట్టుకున్న పేరు అది. కొందరు గర్భిణుల్లో ఈ మాయే ఒక మాయలేడిని తల్లి రక్తంలోకి వదులుతుందని ఇరవై ఏళ్ళకు ముందే వైద్యులు కనిపెట్టారు. దాని జాడ రక్తపరీక్షలో దొరుకుతుంది. ముందు నుంచే బీపీ ఉన్న ఆడపడుచు నెల తప్పినప్పుడు ఆ పరీక్ష ఎందుకు అక్కరకొస్తుందో, పర్ణశాల చుట్టుపక్కల గూడేల్లో మరీ ఎందుకు అక్కరకొస్తుందో చెప్పుకోవలసిన సమయం వచ్చింది.

గర్భిణికి బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే ఎక్కువ ఉన్నట్టు. అది నెల తప్పకముందు నుంచే ఉన్నా, 20 వారాలు నిండకముందే బయటపడినా పాత బీపీ కింద లెక్క. డాక్టర్లు దాన్నే క్రానిక్ హైపర్‌టెన్షన్ అంటారు. 20 వారాల తర్వాత కొత్తగా బీపీ వచ్చి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడమో జరిగితే అది ప్రీఎక్లాంప్సియా. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. తెలుగులో దీనికి గుర్రపువాతం అనే పాత పేరు ఉంది. అసలు చిక్కంతా ఈ రెండూ కలిసినప్పుడే వస్తుంది. పాత బీపీ ఉన్న తల్లికి దాని మీద ప్రీఎక్లాంప్సియా కూడా వచ్చి పడుతుంది. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి 2014లో లెక్క కట్టారు. పాత బీపీ ఉన్న ప్రతి నలుగురు గర్భిణుల్లో ఒకరికి ఇలా జరిగింది. 100 మందిలో 28 మందికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. 100కి నలుగురు బిడ్డలు పుట్టకముందో, పుట్టిన కొద్ది రోజులకో చనిపోయారు.

బీపీ అంటే వయసు మళ్ళినవాళ్ళకు, పట్నంలో కుర్చీల్లో కూచునేవాళ్ళకు వచ్చే జబ్బని ఇంకా చాలామంది అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి బీపీ ఎక్కువగానో, మందు వాడుతూనో ఉన్నట్టు తేలింది. అందులో పెద్ద వయసువాళ్ళే ఎక్కువ, నిజమే. కానీ 30 దాటి మూడో కాన్పుకో నాలుగో కాన్పుకో వచ్చే తల్లి కూడా ఆ లెక్కలో ఉంటుంది. తనకు బీపీ ఉందని ఆమెకు తెలియదు. నొప్పి లేదు, దగ్గు లేదు, జ్వరం లేదు. తెలియడానికి దారేది?

ఇక్కడ ప్రకృతి కూడా ఒక మెలిక పెట్టింది. నెల తప్పాక మొదటి నెలల్లో ఒంట్లో రక్తనాళాలు సడలుతాయి, అందరికీ బీపీ కొంత దిగుతుంది. నాలుగైదు నెలల మధ్య బాగా తక్కువగా ఉంటుంది. ఏడో నెల దాటాక మళ్ళీ మెల్లగా ఎక్కుతుంది. పాత బీపీ ఉన్న తల్లికి కూడా ఇదే జరుగుతుంది. ఒక కోయగూడెం ఇల్లాలిని ఊహించుకుందాం. మార్చిలో నెల తప్పింది. అది ఇప్పపువ్వు ఏరే కాలం, తెల్లవారుజామునే బుట్ట తీసుకుని అడవికి పోవాలి. ఆ వెంటనే మేలో తునికాకు. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు వచ్చే రోజులవి. వాటిని వదులుకొని దవాఖానాకు పోయి కూచోవడం ఏ ఇంటికైనా కష్టమే. ఆమె మొదటిసారి బీపీ చూపించుకునేసరికి అయిదో నెల వచ్చింది. మిషను 124/80 చూపించింది. అంతా బాగుందని రాసుకున్నారు. ఎనిమిదో నెలలో 150/96 వచ్చింది. ఇది ఆమెకు ఎప్పటి నుంచో ఉన్న బీపీయా, కొత్తగా ముంచుకొస్తున్న ప్రీఎక్లాంప్సియానా? రెండో నెలలో ఒక్కసారి పట్టీ చుట్టి చూసి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు లేరు.

తేడా తెలిసి తీరాలి, ఎందుకంటే దారులు వేరు. పాత బీపీ మాత్రమే అయితే మాత్రలు వేసుకుంటూ, జాగ్రత్తగా చూసుకుంటూ 37 వారాలు దాటేదాకా ఆగవచ్చు. ప్రీఎక్లాంప్సియా అయితే ఏ రోజు ఎలా ఉంటుందో చెప్పలేం. దానికి అసలైన విరుగుడు బిడ్డనూ మాయనూ బయటికి తీయడమే. తొందరపడి తీస్తే నెలలు నిండని బిడ్డ, ఆలస్యం చేస్తే తల్లి ప్రాణం.

ఇన్నేళ్ళుగా ఈ తేడా పట్టడానికి వైద్యుల చేతిలో ఉన్నవి రెండే ఆనవాళ్ళు. ఒకటి బీపీ, రెండోది మూత్రంలో ప్రోటీన్. 1843లో లండన్ గైస్ హాస్పిటల్‌లో జాన్ లీవర్ అనే డాక్టరు గుర్రపువాతం వచ్చిన తల్లుల మూత్రాన్ని కాచి చూసి, అందులో ప్రోటీన్ ఉందని చెప్పాడు. ఆ పరీక్ష నిన్న మొన్నటిదాకా మన సబ్ సెంటర్లలో నడిచింది. పాత ఏఎన్ఎంలకు అది కళ్ళు మూసుకుని చేసేంత అలవాటు. గాజు గొట్టంలో ముప్పావు వంతు దాకా మూత్రం పోసి, పట్టకారతో పట్టుకొని, కొంచెం వాల్చి, స్పిరిట్ దీపం మీద పై భాగాన్ని మాత్రమే వేడి చేస్తారు. ఒక్కోసారి కాసేపటికి పైన తెల్లటి మబ్బు కడుతుంది, కింద నీరు తేటగానే ఉంటుంది. అప్పుడు రెండు చుక్కలు ఎసిటిక్ యాసిడ్ వేస్తారు. మబ్బు విడిపోతే భయం లేదు. విడిపోకపోతే ఆ మనిషిని ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాలి. ఇప్పుడు రంగు మారే పట్టీలు వచ్చాయి, ముంచి చూస్తే చాలు. పని తేలికైంది, అడిగే ప్రశ్న మాత్రం 1843 నాటిదే.

పాత బీపీ ఉన్న తల్లి దగ్గర ఈ రెండు ఆనవాళ్ళూ పనికిరాకుండా పోతాయి. బీపీ ఆమెకు ముందే ఉంది. ఏళ్ళ తరబడి బీపీతో మూత్రపిండాలు అరిగి ఉంటే ప్రోటీన్ కూడా ముందే పోతూ ఉండవచ్చు. కాళ్ళ వాపు చూద్దామంటే నెలలు నిండిన తల్లుల్లో చాలామందికి అది మామూలే. దొంగ ఇంట్లోకి వచ్చాడో లేదో తెలుసుకోవడానికి గడప మీద అడుగుజాడలే ఆధారం అయినప్పుడు, ఆ గడప మీద అప్పటికే నలుగురు నడిచి ఉంటే ఏం చూసి చెప్పాలి?

మాయలేడి కథ ఇక్కడే మొదలవుతుంది. మొదటి నెలల్లో మాయ తన వేళ్ళను గర్భసంచి గోడలోకి దింపాలి. అక్కడ మెలితిరిగి సన్నగా ఉండే రక్తనాళాలను వెడల్పు చేసుకోవాలి. పొలానికి నీళ్ళు రావాలంటే కాలువ పూడిక తీసినట్టు. కొందరిలో ఆ పని సరిగా జరగదు. బిడ్డ పెరిగేకొద్దీ రక్తం చాలక మాయ అల్లాడుతుంది. ఆ అల్లాటలో అది తల్లి రక్తంలోకి ఏదో వదులుతోందని, అదే తల్లి ఒంట్లోని రక్తనాళాలన్నిటినీ పాడు చేస్తోందని వైద్యులు చాలాకాలంగా అనుమానించారు. ఆ ఏదో ఏమిటన్నది తెలియలేదు.

2003లో తెలిసింది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్‌లో మూత్రపిండాల వైద్యుడు ఎస్. అనంత్ కారుమంచి, ఆయన సహచరులు దాన్ని పట్టుకున్నారు. కారుమంచి అనే ఇంటిపేరు మన తెలుగునాట వినిపించేదే. ఆయన చదివింది చెన్నైలోని మద్రాస్ మెడికల్ కాలేజీలో. ప్రీఎక్లాంప్సియా వచ్చిన తల్లుల మాయలను పరిశీలిస్తే, ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రోటీన్ విపరీతంగా తయారవుతున్నట్టు కనిపించింది. దాన్ని ఎలుకలకు ఎక్కించి చూశారు. వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోయింది, మూత్రపిండాల్లో ఈ జబ్బుకే ప్రత్యేకమైన మార్పులు వచ్చాయి. గర్భం లేని ఎలుకల్లో కూడా అలాగే జరిగింది. అంటే ఆ ఒక్క ప్రోటీన్ చాలు, తతంగమంతా నడపడానికి.

అది చేసే పనిని పర్ణశాలలో నిలబడి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. గర్భిణి రక్తంలో పీఎల్‌జీఎఫ్ అనే ఒక మంచి ప్రోటీన్ తిరుగుతూ ఉంటుంది. దాన్ని కూడా మాయే తయారు చేస్తుంది. అది రక్తనాళాల గోడ మీద ఉండే ఫ్లిట్-1 అనే గ్రాహకానికి అతుక్కొని, ఆ గోడను మెత్తగా, ఆరోగ్యంగా ఉంచుతుంది. కుటీరం కాచే లక్ష్మణుడి పని దానిది. ఎస్‌ఫ్లిట్-1 అంటే గోడకు అతుక్కోకుండా రక్తంలో తేలియాడే అదే గ్రాహకం. గోడ మీద ఉన్నదానికీ దీనికీ రూపంలో తేడా తెలియదు. మారీచుడి గొంతు రాముడి గొంతులా వినిపించినట్టే. కాపలా ప్రోటీన్ మోసపోయి దీని వెంట పోయి అతుక్కుంటుంది. గోడల దగ్గర కాపలా ఉండదు. మూత్రపిండాల్లో, కాలేయంలో, మెదడులో రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. బీపీ, వాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం, చివరికి ఫిట్స్, అన్నీ అక్కడి నుంచే.

మరుసటి ఏడాది 2004లో ఇంకో మాట తేలింది. అంతకుముందు అమెరికాలో క్యాల్షియం మాత్రల మీద జరిగిన ఒక పెద్ద పరిశోధనలో గర్భిణుల రక్తాన్ని తీసి భద్రపరిచారు. ఆ నమూనాలను వెతికి చూస్తే, జబ్బు బయటపడటానికి అయిదు వారాల ముందు నుంచే ఎస్‌ఫ్లిట్-1 పెరుగుతూ, పీఎల్‌జీఎఫ్ తగ్గుతూ ఉంది. లేడి కుటీరం ముందు కనిపించకముందే అడవిలో తిరుగుతోందన్నమాట.

భద్రాచలం వాళ్ళకు దీన్ని గోదావరి లెక్కలో చెప్పవచ్చు. వానాకాలం వచ్చిందంటే ఇక్కడ ప్రతి ఇంట్లో అంకెలు వినిపిస్తాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3. కానీ అధికారులు ఒక్క భద్రాచలం కొలబద్ద చూసి ఊరుకోరు. ఎగువన కాళేశ్వరంలో, పేరూరులో మట్టం ఎంత ఉందో గంట గంటకూ కనుక్కుంటారు. పేరూరులో పెరిగితే ఇక్కడికి ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలరు. బీపీ మిషను భద్రాచలం కొలబద్ద లాంటిది, నీళ్ళు వచ్చాక చెబుతుంది. పీఎల్‌జీఎఫ్ పరీక్ష పేరూరు కొలబద్ద లాంటిది.

ఆ కొలబద్దను ఎంతవరకు నమ్మవచ్చు? 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అనే అధ్యయనంలో 14 దేశాల గర్భిణులను చూశారు. అందరూ ప్రీఎక్లాంప్సియా ఉందేమోనన్న అనుమానంతో వచ్చినవాళ్ళే. రక్తంలో ఎస్‌ఫ్లిట్-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగిస్తే వచ్చే అంకె 38 లేదా అంతకు తక్కువ ఉంటే, రాబోయే వారం రోజుల్లో ఆ తల్లికి ప్రీఎక్లాంప్సియా రాదని 99 శాతం ధీమాగా చెప్పవచ్చని తేలింది. 38 దాటితే మాత్రం అంత కచ్చితంగా చెప్పలేం. దాటినవాళ్ళలో నాలుగు వారాల్లోపు జబ్బు వచ్చింది మూడో వంతు మందికి కొంచెం పైన. ఈ సంగతి దాచకుండా చెప్పాలి. "ఇప్పట్లో భయం లేదు" అని చెప్పడంలో ఈ పరీక్ష దిట్ట. "వచ్చేస్తుంది" అని చెప్పినప్పుడు దాని అర్థం ఇక కళ్ళు తిప్పకుండా చూసుకోవాలని.

బ్రిటన్‌లో 11 ఆసుపత్రుల్లో పారట్ అనే పరిశోధన జరిపి 2019లో ఫలితాలు వెల్లడించారు. పీఎల్‌జీఎఫ్ ఫలితం డాక్టరు చేతిలో ఉన్నప్పుడు జబ్బు తేల్చడానికి సగటున 4.1 రోజుల బదులు 1.9 రోజులే పట్టింది. తల్లులకు తీవ్రమైన హాని కూడా తగ్గింది. ఆ దేశపు వైద్య ప్రమాణాల సంస్థ నైస్ ఈ పరీక్షలను సిఫారసు చేస్తోంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2023 మేలో ఇలాంటి పరీక్షకు అనుమతి ఇచ్చింది. బీపీ సమస్యతో ఆసుపత్రిలో చేరిన 23 నుంచి 35 వారాల లోపు గర్భిణులకు, పాత బీపీ ఉన్నవాళ్ళతో సహా, రెండు వారాల్లో జబ్బు తీవ్రమవుతుందా అని చూడటానికి ఇచ్చిన అనుమతి అది. పాత బీపీ మాత్రమే ఉన్న తల్లిలో ఈ ప్రోటీన్ల లెక్క బీపీ లేని తల్లికి దగ్గరగానే ఉంటుంది. దాని మీద ప్రీఎక్లాంప్సియా వచ్చి పడుతున్నప్పుడే తారుమారవుతుంది. అడుగుజాడలు కలిసిపోయిన గడప దగ్గర దొంగను పట్టించే ఆనవాలు ఇదే.

మన దగ్గర ఈ పరీక్ష హైదరాబాదు లాంటి నగరాల్లోని పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది. కూలికి పోయే ఇంటికి అందే ధర కాదు. అవసరం మాత్రం నగరం కన్నా ఇక్కడే ఎక్కువ. హైదరాబాదులో అనుమానం వచ్చిన తల్లి ఆటో ఎక్కితే అరగంటలో ఆసుపత్రిలో ఉంటుంది. రెండు రోజులకొకసారి రమ్మన్నా వస్తుంది. చర్ల, దుమ్ముగూడెం లోతట్టు గూడేల్లో, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల ఆవాసాల్లో రోడ్డు లేని చోట డోలీ కట్టి వాగు దాటించి తీసుకురావాలి. వానాకాలంలో వాగు పొంగితే అదీ లేదు. వరదల సమయంలో నెలలు నిండిన గర్భిణులను అధికారులు ముందే భద్రాచలం ఏరియా ఆసుపత్రికి తరలిస్తారు. మంచి పద్ధతి. అయితే ఏడో నెలలో బీపీ కొంచెం ఎక్కువ ఉన్న తల్లిని కూడా తరలించాలా? ఆమె ఇంట్లో ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు ఉంటే, వాళ్ళను ఎవరికి అప్పగించి రెండు నెలలు పట్నంలో ఉంటుంది? పరీక్షలో మాయలేడి జాడ లేదని తేలితే ఆమెను ధైర్యంగా ఇంటికి పంపవచ్చు. ఉందని తేలితే నీళ్ళు రాకముందే వాగు దాటించవచ్చు. చిన్న యంత్రం మీద అరగంట లోపే పీఎల్‌జీఎఫ్ చెప్పే పరికరాలు వచ్చాయి. పొరుగున ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర గూడేల నుంచి కూడా తల్లులు వచ్చే భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో అలాంటి యంత్రం ఒకటి ఉండాలి. 2021 నవంబరులో అప్పటి జిల్లా కలెక్టరు భార్య కూడా ఆ సర్కారు దవాఖానాలోనే బిడ్డను కన్నారు. జనానికి నమ్మకం ఉన్న చోటు అది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగా చేసే పరీక్షల పట్టికలో దీనికీ చోటివ్వడం న్యాయం.

యంత్రం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూచోనక్కర్లేదు. పాత బీపీ ఉన్న తల్లికి ఈ రోజే చేయగలిగినవి ఉన్నాయి.

నెల తప్పిందని తెలియగానే, మూడో నెల నిండకముందే బీపీ చూపించుకొని ఆ అంకెను తల్లీబిడ్డల కార్డులో రాయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరే స్వయంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. బీపీ చూసేటప్పుడు తల్లి అయిదు నిమిషాలు ఊరికే కూచోవాలి. వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. మాట్లాడకూడదు. నడిచి నడిచి వచ్చి లైనులో నిలబడ్డ మనిషికి వచ్చిన వెంటనే పట్టీ చుట్టేస్తే వచ్చే అంకె ఆ నడకదే.

ముందు నుంచే బీపీ మాత్రలు వాడుతున్నవాళ్ళు ఆ మాత్రల పేరు డాక్టరుకు చూపించాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనాలప్రిల్, రామిప్రిల్ మన మందుల దుకాణాల్లో రోజూ అమ్ముడుపోయేవే. మామూలు మనుషులకు అవి మంచి మందులే. గర్భిణికి మాత్రం ఇవ్వకూడదు, బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. అలాగని సొంతంగా మానేయడం ఇంకో ప్రమాదం. వాటి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి. ఈ మూడింటినీ బీపీ బాగా పెరిగిపోయిన గర్భిణులకు ఇచ్చి పోల్చి చూసిన పెద్ద పరిశోధన మన పక్కనే నాగపూర్‌లో, రెండు సర్కారు ఆసుపత్రుల్లో జరిగింది. 894 మంది తల్లులు పాల్గొన్న ఆ పరిశోధన 2019లో వెలువడింది. మూడూ పనిచేశాయి. ఇంజక్షన్లూ మానిటర్లూ లేని చోట కూడా నోటి మాత్రతో బీపీ దించవచ్చని దానితో తేలింది. అడవి అంచు ఆసుపత్రులకు అంతకన్నా పనికొచ్చే కబురు అరుదు.

బీపీ కొంచెమే ఎక్కువ ఉంటే మాత్రలెందుకు, బిడ్డకు రక్తం తగ్గుతుందేమో అని కొందరు డాక్టర్లే చాలాకాలం వెనకాడారు. 2022లో అమెరికాలో 2,408 మంది పాత బీపీ గర్భిణుల మీద జరిగిన చాప్ అనే పరిశోధన ఆ భయం తీర్చింది. 140/90కి లోపే ఉంచేలా మాత్రలు ఇచ్చినవాళ్ళలో తీవ్రమైన చిక్కులు 37 శాతం నుంచి 30 శాతానికి తగ్గాయి. బిడ్డల బరువు తగ్గలేదు.

ఆస్పిరిన్ గురించి కూడా అడుగుతారు. 2017లో వచ్చిన ఆస్ప్రే పరిశోధనలో, ముప్పు ఎక్కువ ఉన్న తల్లులకు మూడో నెల నుంచి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా సగానికి పైగా తగ్గింది. పాత బీపీ ఉన్నవాళ్ళను విడిగా తీసి చూస్తే ఆ మేలు కనిపించలేదు. అయినా వాళ్ళకూ ఇవ్వాలనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. డాక్టరు రాస్తే వేసుకోవలసిందే, వేసుకున్నాం కదా అని చెకప్‌లు మాత్రం మానకూడదు.

"ఉప్పు మానెయ్, నీరు తీస్తుంది" అని అత్తగారు చెప్పే మాట ఒకటుంది. ఉప్పు మానేస్తే ప్రీఎక్లాంప్సియా ఆగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పాత బీపీ ఉన్న మనిషి ఎండుచేపలు, ఊరగాయలు తగ్గించుకుంటే మంచిదే, కానీ చప్పిడి కూడు పెట్టి గర్భిణిని నీరసపెట్టకూడదు. సర్కారు ఇచ్చే క్యాల్షియం మాత్రలు మాత్రం మానకూడదు. మన పల్లెల్లో తిండిలో క్యాల్షియం తక్కువ, అది చాలినంత అందితే ఈ జబ్బు తగ్గవచ్చని కొన్ని పరిశోధనలు చెప్పాయి. ఇంట్లో రాగి జావ కాస్తే ఇంకా మేలు.

తల బద్దలయ్యేలా నొప్పి, కళ్ళ ముందు మెరుపులు, డొక్క పైన కుడిపక్క నొప్పి, ఉన్నట్టుండి ముఖం వాచడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. ఫిట్స్ వచ్చిన మనిషిని గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతే ప్రాణం దారిలోనే పోవచ్చు. సబ్ సెంటర్ ఏఎన్ఎం పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇవ్వవచ్చు, ఆమెకు ఆ అధికారం ఉంది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లుల మీద జరిగిన మ్యాగ్‌పై పరిశోధన 2002లో తేల్చింది. ఈ చవకైన మందు ఫిట్స్‌ను సగానికి పైగా తగ్గిస్తుంది.

చివరికి మాయ పడిపోతుంది. లేడిని పంపేది పోయింది కాబట్టి గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అప్పటికే రక్తంలోకి వచ్చింది ఇంకా కొన్నాళ్ళు తిరుగుతుంది. కాన్పు అయ్యాక ఒకటి రెండు రోజులు దిగిన బీపీ, మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య మళ్ళీ పైకి పోతుంది. ఫిట్స్ అప్పుడు కూడా రావచ్చు. మామూలు కాన్పు అయిన తల్లిని రెండు రోజులకే ఇంటికి పంపుతారు, అంటే ఆ గడ్డు రోజులు గూడెంలోనో, పుట్టింట్లోనో గడుస్తాయి. ఆశా కార్యకర్త మూడో రోజున, ఏడో రోజున బిడ్డను చూడటానికి ఆ ఇంటికి ఎలాగూ వెళ్తుంది. ఆమె సంచిలో బిడ్డను తూచే తక్కెడ ఉంటుంది, థర్మామీటరు ఉంటుంది. బిడ్డను తూచి, ఒళ్ళు ముట్టి చూసి, పాలు తాగుతోందా అని అడుగుతుంది. "వదినా, నీ చెయ్యి ఇటు ఇవ్వు" అని బాలింత చేతికి కూడా పట్టీ చుట్టి చూసేలా, ఆ సంచిలో ఒక బీపీ మిషను పెట్టి పంపాలి.